హెడ్ గాస్కెట్ పోయిన ఇంజిన్: బాగుచేయాలా, వేరేది వేయాలా?

రేడియేటర్ హోస్ పగిలి కారు ఇంజిన్ బాగా వేడెక్కింది. టెంపరేచర్ ముల్లు ఎరుపులోకి వెళ్లాక కూడా రెండు కిలోమీటర్లు నడిపాను, అదే ఇప్పుడు నా బాధ. డిప్‌స్టిక్ తీస్తే ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంది, అంటే అందులో నీళ్లు కలిసినట్టే. కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి నొక్కుకునే ఒత్తిడి) చూస్తే 1, 4 సిలిండర్లలో 170 పీఎస్‌ఐ, పక్కపక్కనే ఉన్న 2, 3లో 90 మాత్రమే. ఆ రెండింటి మధ్య హెడ్ గాస్కెట్ (ఇంజిన్ బ్లాక్‌కీ, దాని పైనుండే హెడ్‌కీ మధ్య లీకు కాకుండా ఉంచే పలుచటి షీటు) పోయినట్టే అనుకుంటున్నాను.

హెడ్ విప్పడం నాకు వచ్చు, టార్క్ రెంచ్ కూడా ఉంది. ఇంజిన్ మొత్తం దించడం మాత్రం ఎప్పుడూ చేయలేదు. హెడ్ వంగితే మెషీన్ మీద చదును చేయించొచ్చు. కానీ నీళ్లు కలిసిన ఆయిల్‌తో క్రాంక్ బేరింగులు (ఇంజిన్ కింది భాగంలో తిరిగే షాఫ్ట్‌ను మోసేవి) దెబ్బతిన్నాయేమోనని టెన్షన్‌గా ఉంది. సెకండ్ హ్యాండ్ ఇంజిన్ వేద్దామంటే అది ఎలా వాడినదో తెలియదు.

ముందు ఇంజిన్ అడుగున ఉండే ఆయిల్ పాన్ దించి బేరింగులు చూడటం మంచిదేనా? ఏం కనిపిస్తే రిపేరు ఆశ వదులుకోవాలి? సొంతంగా చేసినవాళ్లు దయచేసి చెప్పండి.