ఏడాదంతా కాసే అనపకాయలు మనకు కావాలా? సొగడు పోగొట్టుకుని ఏం సాధించాం?

బసవనగుడి_పలమనేరు:
మొన్న జులైలో బెంగళూరు గాంధీబజారులో అనపకాయలు కనబడితే ఆగలేక రెండు కిలోలు తెచ్చాను. కాయ నిగనిగలాడుతోంది, గింజ బొద్దుగా ఉంది. ఒలిచి, నానబెట్టి, పితికి, మా అమ్మ కొలతతోనే పులుసు పెట్టాను. వాసన లేదు. కాయ ఒలిస్తే వేళ్ళకు అంటాల్సిన ఆ నూనె జిడ్డు కూడా లేదు. సంగటిలో వేసుకుని తింటే బఠాణీ పులుసు తిన్నట్టే ఉంది.

మాది పలమనేరు పక్క పల్లె. మాకు అనపకాయంటే ధనుర్మాసం. రాగి కోసేశాక చేన్లో మిగిలిన అనప సాళ్ళు మంచులో తడిసి, పొద్దున్నే గట్టు మీద నడుస్తుంటేనే ఆ కమ్మదనం ముక్కుకు తగిలేది. ఇక్కడివాళ్ళు దాన్నే సొగడు అంటారు. అంగడామెను అడిగితే "ఇది హెబ్బాళ అవరె, ఏడాదంతా వస్తుంది" అంది. అవరె అంటే కన్నడంలో అనపే. బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ళు తయారుచేసిన హెబ్బాళ అవరె-3, హెబ్బాళ అవరె-4 లాంటి రకాలట. పగటి పొడుగుతో పని లేకుండా ఎప్పుడు విత్తితే అప్పుడు పూస్తాయట.

నా వాదన ఇది. కాలాన్ని పట్టుకుని పూసే గుణమే అనపకు ప్రాణం. దాన్ని తీసేసినందుకే వాసన పోయింది. ఇలాంటి విత్తనాలను రైతులకు అంటగట్టడం మానాలి. కాదనేవాళ్ళు కారణంతో చెప్పండి.

హెబ్బాళ_మడి:
అన్నా, మీ బాధ నిజం. తప్పు మాత్రం వేరే గుణం మీద మోపారు. నేను చదువుకున్నది పప్పుధాన్యాల బ్రీడింగే, అనప మళ్ళలో కొన్నేళ్ళు తిరిగినవాణ్ణి కాబట్టి రాస్తున్నా.

నాటు అనప ఆకు రాత్రి ఎంత పొడుగుందో కొలుచుకుంటుంది. బెంగళూరులో జూన్ పగటికీ డిసెంబరు పగటికీ తేడా గంటన్నరే, అయినా దానికి ఆ తేడా చాలు. రాత్రి పొడుగు పెరిగేదాకా తీగ సాగుతూనే ఉంటుంది, పూయదు. అందుకే జూన్లో విత్తినా ఆగస్టులో విత్తినా పూత దాదాపు ఒకేసారి వస్తుంది. హెబ్బాళ రకాల్లో ఆ కొలత లేదు, విత్తిన నెలన్నరకే పూత పడుతుంది. పైగా అవి పొద రకాలు. కొమ్మ చివర పూలగుత్తి వచ్చాక ఎదుగుదల ఆగిపోతుంది, కాయలు ఆకుల పైకి కనబడతాయి, కోత సులువు.

ఇక వాసన. అది కాయ తొక్క మీద ఊరే నూనెలాంటి పదార్థంలో ఉంటుంది, అందులో ముఖ్యమైనవి కొన్ని ఫ్యాటీ ఆసిడ్లు. దాన్ని తయారుచేసే పని వేరు, పూత కాలాన్ని నిర్ణయించే పని వేరు. ఒకటి పోతే రెండోది పోవాలని లేదు. మరి ఎలా పోయిందంటే, ఎవరూ దాన్ని ఎంచలేదు కాబట్టి.

లెక్క చూడండి. నాటు రకాన్ని పొద రకంతో కలిపారనుకుందాం. తొందరగా పూయడం ఒకే జీను చేతిలో ఉండి, అది అణగి ఉండే (తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ వస్తేనే బయటపడే) గుణమనుకుందాం. వాసన కూడా ఒకే జీనుది, పైకి తేలే (ఒక్కరి నుంచి వచ్చినా కనబడే) గుణమనుకుందాం. రెండో తరంలో పదహారు మొక్కలకు మూడింటిలో తొందర పూత, వాసన రెండూ దొరకాలి. చేన్లో వ్యవహారం ఇంత తేలిగ్గా ఉండదు, జీన్లు ఎక్కువే ఉంటాయి. కానీ ఆ మూడు మొక్కలు మడిలో ఉన్నా, మన చేతిలో తక్కెడ, క్యాలెండరు మాత్రమే ఉంటే బరువైనదాన్నీ తొందరగా పూసినదాన్నీ ఏరుతాం. వాసన ఉన్న మొక్క పక్కనే ఉండిపోతుంది.

కుప్పం_సేద్యం:
బెంగుళూరులో కూచోని సీజను సీజను అంటాండారు. మాకాడికొచ్చి సూడండి. నాటు అనప అంతా ఒకేసారి పూస్తుంది, ఒకేసారి కాస్తుంది. మాగడి, కోలారు, శ్రీనివాసపురం, మా కుప్పం, అందరి మూటలూ ఒకే సీజనులో మార్కెట్లో పడతాయి. పండక్కి ముందు ఉన్న రేటు పండగైపోతానే సగానికి దిగుతుంది. కోత కూలి ఇచ్చినాక బాడుగకు సాలదు.

నాకు బోరుంది. ఫిబ్రవరిలో హెబ్బాళ అవరె-4 ఏసినా. ఎండాకాలంలో అనపకాయ ఎవురి దగ్గరా ఉండదు, యాపారి ఇంటికొచ్చి తీసుకోని పోయినాడు. మా పాప కాలేజీ ఫీజు ఆ డబ్బుతో కట్టినా. వాసన లేదని ఒక్కడు అడగల్యా. మానేయమంటాండారే, ఆ ఫీజు మీరు కడతారా సార్?

బసవనగుడి_పలమనేరు:
అన్నా, మీ మాటకు నేను బదులు చెప్పలేను, నిజం. మానేయాలన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ మీరే చెప్పండి, ఇంటికి వండుకోడానికి మీరు ఏది కోస్తారు?

కుప్పం_సేద్యం:
ఇంటికి నాటుదే. గట్టెంబడి నాలుగు సాళ్ళు ఎప్పుడూ ఉంటాయి. రాగిలో ఏసేది అదే. రాగి కోసినాక తీగ ఆ జాగా అంతా అల్లుకుంటాది, రెణ్ణెల్లు ఇడతలు ఇడతలుగా కోసుకుంటాం, పొట్టూ తీగా ఆవులకు. పొద రకం రాగిలో ఏస్తే ఏం ప్రయోజనం ఉండదు, అది విడిగా మడి కట్టి ఏసేది. రెండూ ఒకే పంట అనుకోవద్దు.

మల్లేశ్వరం_వంటిల్లు:
నలభై ఏళ్ళుగా పితుకుపప్పు చేస్తున్నదాన్ని, ఒక మాట చెప్తాను. కాయ కొనేటప్పుడు బొటనవేలితో తొక్క మీద రుద్ది వాసన చూడండి నాయనా. మంచి కాయైతే వేలు మెరుస్తుంది, ఆ వాసన సబ్బుతో కడిగినా సాయంత్రం దాకా పోదు. డిసెంబరులో కూడా ఇప్పుడు సగం గుట్టల్లో ఆ మెరుపు లేదు. చలికాలం వచ్చిందని అన్నీ నాటువే అనుకోవద్దు.

హెబ్బాళ_మడి:
అమ్మ చెప్పినది చాలా ముఖ్యం. నాటూ పొదా పక్కపక్క మళ్ళలో ఒకే చలిలో కాసినప్పుడు కూడా నాకు తేడా తెలిసింది. అంటే లోటు సీజనులో లేదు, విత్తనంలో ఉంది. విత్తనంలో ఉన్నదాన్ని బ్రీడింగుతో సరిచేయొచ్చు.

దీనికి మన పక్కనే ఉదాహరణ ఉంది. శనగలో అన్నిగేరి అనే పాత కర్ణాటక రకం ఉంది. ఎండు తెగులుకు లొంగిపోతుంది. ఆంధ్రలో జేజీ-11 అనే కొత్త రకం వచ్చాక అన్నిగేరి దాదాపు పక్కకు పోయింది. అది మామూలు దారి, పాతదాన్ని తీసి కొత్తది పెట్టడం. రాయచూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం, పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ కలిసి రెండో దారి కూడా చూపించాయి. తెగులును తట్టుకునే గుణాన్ని డబ్ల్యూఆర్-315 అనే రకం నుంచి తీసుకుని, ప్రతి తరంలో మళ్ళీ అన్నిగేరితోనే కలుపుతూ, డీఎన్ఏ మార్కర్లతో (గుణం ఎక్కడుందో చూపే డీఎన్ఏ గుర్తులతో) ఆ ఒక్క ముక్కను వెంటాడుతూ వెళ్ళారు. 2019లో సూపర్ అన్నిగేరి-1 పేరుతో విడుదలైంది. అన్నిగేరి అన్నిగేరిగానే ఉంది, తెగులు గుణం ఒక్కటి మారింది.

అనపకూ నేను అడిగేది అదే. పొద రకంలోకి వాసన తేవడానికి తంటాలు పడకుండా నాటు రకాన్నే తల్లిగా పెట్టుకుని, తొందర పూత ఒక్కటీ అందులోకి దింపాలి. మొదటి కలయికలో నాటు వాటా సగం. ఒకసారి మళ్ళీ నాటుతోనే కలిపితే 75 శాతం, రెండోసారికి 87.5, మూడోసారికి దాదాపు 94. తొందర పూత అణగి ఉండే గుణమైతే మధ్యలో ఒక్కో తరం ఆగి, మొక్కను తనంతట గింజ కట్టనిచ్చి చూసుకోవాలి. మార్కరు దొరికితే ఆ ఆగడం అక్కర్లేదు.

శ్రమ ఎక్కడుందో కూడా చెప్పాలి. నాటు పూసే రోజులు కొన్నే, కాబట్టి పొద రకాన్ని సెప్టెంబరు నుంచి పది రోజులకోసారి విడతలుగా విత్తి, రెండు పూతలూ కలిసేలా చూసుకోవాలి. సాయంత్రం మొగ్గ విప్పి పది కేసరాలూ తీసేయాలి, పొద్దున పుప్పొడి అద్దాలి. వేలు కాస్త గట్టిగా తగిలితే మొగ్గ రాలిపోతుంది. ఇరవై మొగ్గలకు నాలుగు నిలబడినా సంతోషించిన రోజులున్నాయి. ఆ పైన వాసన పరీక్ష. డజను కాయలు చూశాక ముక్కు పనిచేయదు, బయటికెళ్ళి గాలి పీల్చుకుని రావాలి. అందుకే ఈ పనికి యంత్రమో, నాలుగైదు ముక్కులో కావాలి. మల్లేశ్వరం అమ్మలాంటి వాళ్ళను మడికి పిలిచి, ఈ సాలులో ఏది కోస్తారమ్మా అని అడగడం నా దృష్టిలో అసలైన సైన్సే.

కుప్పం_సేద్యం:
అంతా బాగుంది సార్. వాసనకు యాపారి పైసా ఎక్కువిస్తాడా? ఇవ్వకపోతే మీరెంత కష్టపడి తెచ్చినా మేం బరువుండేదే ఏస్తాం.

బసవనగుడి_పలమనేరు:
బాసుమతికి ఇస్తున్నారు కదన్నా. 1989లో పూసా బాసుమతి-1 వచ్చినప్పుడు పొట్టి మొక్క, ఎక్కువ దిగుబడి, వాసన మూడూ ఒకే చేన్లో దొరికాయి. కొనేవాడు వాసన అడిగాడు కాబట్టి వాళ్ళు దాన్ని వదల్లేదు. మన అనపకాయకు అలా అడిగేవాడు లేడు. మేమే అడగాలి. బెంగళూరు అవరెకాయ మేళాలో దోసె నుంచి జిలేబీ దాకా అన్నీ అవరెకాయతో చేస్తారు, జనం తోసుకుంటారు. ఏ రకం కాయ అని బోర్డు మీద రాసింది నేనింతవరకూ చూళ్ళేదు. "మాగడి నాటు" అని ఒక గుట్టకు, "హెబ్బాళ-4" అని ఇంకో గుట్టకు రాస్తే, నేను మొదటిదానికి ఎక్కువిచ్చి కొంటాను. జులైలో రెండోదే దొరికితే దాన్నీ కొంటాను, ఏం కొంటున్నానో తెలిసి.

మల్లేశ్వరం_వంటిల్లు:
నేనూ ఇస్తాను. మా అపార్టుమెంట్లో పది ఇళ్ళవాళ్ళు ఇస్తారు.

హెబ్బాళ_మడి:
కుప్పం అన్నా, ఒక మనవి. మీ గట్టు మీది నాటు విత్తనం ఎన్నేళ్ళ నుంచి ఉంది? అనప ఎక్కువగా తన పుప్పొడితోనే గింజ కడుతుంది కాబట్టి మీ ఇంటి విత్తనం పెద్దగా మారకుండా నిలిచుంటుంది. 2001 మొక్కల రకాల చట్టం ప్రకారం మీ విత్తనం దాచుకోవడం, పంచుకోవడం మీ హక్కు. ఎక్కువ వాసన వచ్చే నాలుగు మొక్కలకు దారం కట్టి, వాటి గింజ విడిగా ఉంచగలరా?

కుప్పం_సేద్యం:
మా నాయన కాలం నుంచీ అదే విత్తనం, బూడిదలో కలిపి కుండలో ఎత్తిపెడతాం. ఈసారి దారం కడతాలే సార్. కానీ ఏరేది మా ఇంటామె, నేను కాదు. ఆమె కాయ కొయ్యకనే చెప్పేస్తాది ఏది వాసనొస్తాదో. జనవరిలో రండి, ఆమెనే అడుగుదురు.