నాన్నగారి క్యాసెట్ పాటలు: స్ట్రీమింగ్ హక్కు ఎవరిది?

మాది కావలి. కీర్తిశేషులైన మా నాన్నగారు రాసి, బాణీ కట్టి, పాడిన జానపద గీతాలను 1994లో ఒక క్యాసెట్ సంస్థ రికార్డు చేసి, కొంత రొక్కం చేతిలో పెట్టి, ఒప్పంద పత్రం మీద సంతకం తీసుకుంది. ఆ సంస్థ ఇప్పుడు లేదు. అవే పాటలు నేడు స్ట్రీమింగ్ యాప్‌లలో మరొకరి పేరుతో వినిపిస్తున్నాయి. రెండో పాట పల్లవికి ముందు నాన్నగారు గొంతు సవరించుకున్న చప్పుడు సైతం అలాగే ఉంది. అది విన్న రోజు అమ్మ అన్నం ముట్టలేదు.

సంతకం నాటికి వాడుకలో లేని మాధ్యమానికి, పత్రంలో ప్రత్యేకంగా పేర్కొంటే తప్ప, హక్కుల బదిలీ వర్తించదని 2012 నాటి కాపీరైట్ సవరణ చెబుతోంది. మా పత్రంలో క్యాసెట్ల ప్రస్తావన మాత్రమే ఉంది. 1994 నాటి సంతకానికి ఈ సవరణ వర్తిస్తుందా? వారసులుగా మేము పాటల రచయితలు, స్వరకర్తల తరఫున రాయల్టీ వసూలు చేసే సంఘమైన ఐపీఆర్‌ఎస్‌లో చేరాలా, ముందుగా పాటలు ఎక్కించినవారికి నోటీసు పంపాలా? అనుభవం ఉన్నవారు దయచేసి తెలియజేయగలరు.