బ్యాచ్ ఫైళ్లకు సీఎండీ (విండోస్ కమాండ్ ప్రాంప్ట్) బదులు ఏ షెల్ (కమాండ్లు నడిపే ప్రోగ్రామ్) మేలు?

ప్రశ్న:
విండోస్‌లో రోజూ బ్యాకప్ తీసే బ్యాచ్ ఫైలు (వరుసగా కమాండ్లు రాసిన ఫైలు) ఉంది. ఫర్ లూప్ లోపల వేరియబుల్ మారినా పాత విలువే వస్తోందని డిలేడ్ ఎక్స్‌పాన్షన్ (వేరియబుల్ విలువను ఆ లైను నడిచేటప్పుడే చదివే సెట్టింగ్) పెట్టాను, ఇప్పుడేమో ఫైలు పేర్లలో ఆశ్చర్యార్థకం గుర్తు ఉంటే అది ఎగిరిపోతోంది, ఆ ఫైలు కాపీ అవ్వట్లేదు. విసుగొచ్చేసింది. వేరే షెల్‌కి మారదామంటే ఏది నయం?

జవాబు 1:
పవర్‌షెల్ అండి, ఇంకో ఆలోచన వద్దు. విండోస్ 10, 11లో 5.1 వెర్షన్ ముందే ఉంటుంది. డిర్ (ఫైళ్ల జాబితా చూపే కమాండ్) ఇచ్చిన టెక్స్ట్‌ని ముక్కలు చేసి తేదీ వెతుక్కునే బాధ లేదు, ఇక్కడ ఫైలు ఆబ్జెక్ట్‌గా వస్తుంది, లాస్ట్‌రైట్‌టైమ్ (చివరిగా మార్చిన సమయం) అని అడిగితే చాలు. మామూలు పీసీల్లో మొదట స్క్రిప్టులు రన్ కానివ్వదు, ఎగ్జిక్యూషన్ పాలసీని (ఏ స్క్రిప్టులు నడవొచ్చో చెప్పే సెట్టింగ్) రిమోట్‌సైన్డ్ చేసుకోండి.

జవాబు 2:
లినక్స్ అలవాటుంటే గిట్‌తో (కోడ్ మార్పులు దాచే టూల్) వచ్చే బ్యాష్ అనే షెల్ కూడా బానే ఉంటుంది. కాకపోతే టాస్క్‌కిల్‌కి (ప్రోగ్రామ్‌ని ఆపే కమాండ్) స్లాష్ ఎఫ్ ఇస్తే దాన్ని పాత్ అనుకుని మార్చేస్తుంది, రెండు స్లాష్‌లు కొట్టాలి. ఇలాంటివి చిరాకు.

జవాబు 3:
పాత బ్యాచ్ ఫైళ్లు బోలెడుంటే టీసీసీ (సీఎండీ లాంటిదే, వేరే కంపెనీ చేసిన షెల్) చూడండి, చాలావరకు ఉన్నవి ఉన్నట్టే నడుస్తాయి, డీబగ్గర్ కూడా ఉంది. డబ్బులు పెట్టి కొనాలి మరి.

ప్రశ్న అడిగినవారు:
పవర్‌షెల్‌కే వెళ్తున్నాను. రోబోకాపీ (విండోస్‌లో ఫైళ్లు కాపీ చేసే కమాండ్) పని చేసినా ఎగ్జిట్ కోడ్ 1 వస్తోంది, ఎర్రరా?

జవాబు 1:
కాదండి, ఫైళ్లు కాపీ అయ్యాయని అర్థం. 8, ఆపైన వస్తేనే ఫెయిల్ కింద లెక్క.