రిసెప్షన్ రాత్రి కాకుండా పొద్దున బ్రంచ్‌తో ముగిస్తే అతిథులను తక్కువ చేసినట్టా?

తొలికోడి:
పెళ్లి ఉదయం పదింటికి పెట్టుకున్నాం. రిసెప్షన్‌ను రాత్రి దాకా లాగకుండా, పెళ్లి అవగానే పదకొండున్నర నుంచి రెండు వరకు బ్రంచ్ (టిఫిన్, లంచ్ కలిపి ఒకే భోజనం) పెట్టి ముగించేద్దామని మా ఇద్దరి ఆలోచన. 120 మంది దాకా వస్తారు. రాత్రి తొమ్మిదయితే మాకు ఆవలింతలే, ఆ టైములో స్టేజీ మీద నిలబడి నవ్వడం మా వల్ల కాదు. ఇంట్లో పెద్దవాళ్లు మాత్రం "పిలిచి టిఫిన్ పెట్టి పంపిస్తారా, నలుగురూ ఏమనుకుంటారు" అని ఒకటే గోల. ఇందులో నిజంగా తప్పుందా? ఖర్చు తగ్గుతుందంటారు, అది నిజమేనా? చేసుకున్నవాళ్లు, వెళ్లినవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి. మొహమాటం వద్దు.

నిద్రమత్తు:
వద్దన్నారు కాబట్టి మొహమాటం లేకుండానే చెప్తున్నా, ఆ ఆలోచన మానుకోండి. పదింటి పెళ్లికి నేను తొమ్మిదిన్నరకల్లా అక్కడ ఉండాలంటే ఆరింటికి లేవాలి, పిల్లల్ని లేపాలి, వాళ్లకు స్నానాలు, జడలు, నా బట్టల ఇస్త్రీ, ఆపైన గంట ప్రయాణం. ఇంతా చేసి వస్తే రెండింటికల్లా కుర్చీలు సర్దేస్తారు. తమాషా ఏంటంటే, బ్రంచ్ అన్న మాటని 1895లో గై బెరింజర్ అనే ఇంగ్లీషాయన ఒక పత్రికలో ప్రచారంలోకి తెచ్చినప్పుడు ఆయన బాధే వేరు. శనివారం రాత్రి పొద్దుపోయేదాకా తిరిగినవాళ్లు ఆదివారం తీరిగ్గా లేచి తినాలని ఆయన వాదన. పడుకోనివ్వని బ్రంచ్ ఏం బ్రంచండీ?

పాతపుస్తకం:
నిద్రమత్తు గారూ, చరిత్ర తీశారు కాబట్టి ఇంకొంచెం వెనక్కి వెళ్దాం. అదే ఇంగ్లండులో 1886 దాకా పెళ్లి మధ్యాహ్నం పన్నెండు లోపే జరగాలని చట్టం ఉండేది, ఆ ఏడాదే మూడింటి దాకా పొడిగించారు. కాబట్టి పెళ్లి విందు పగలే. ఇప్పటికీ అక్కడ ఏ వేళ వడ్డించినా పెళ్లి భోజనాన్ని వెడ్డింగ్ బ్రేక్‌ఫస్ట్ అనే అంటారు. విందంటే లైట్లు, డీజే, అర్ధరాత్రి అన్నది తర్వాత వచ్చిన అలవాటు. "పొద్దున పెడితే పరువు పోతుంది" అనడంలో నాకైతే అర్థం కనిపించదు.

వంటింటి_వెనుక:
చరిత్ర సరే, నేను కేటరింగ్ వైపు నుంచి చెప్తా. చాలా ఏళ్లుగా ఇదే పని. బ్రంచ్ చౌక అన్నది సగం నిజం. మందు తక్కువ పోతుంది, హాలు గంటలు తగ్గుతాయి, లైటింగ్ అక్కర్లేదు, అక్కడ మిగులుతుంది. కానీ మా కుర్రాళ్లు రాత్రి మూడింటికే పొయ్యి దగ్గర ఉండాలి, దానికి వేరే లెక్క ఉంటుంది. ఫొటోగ్రాఫర్ ఏమీ తగ్గించడు.

అసలు తలనొప్పి గుడ్డు. గిలకొట్టి వండిన గుడ్డును వేడి ట్రేలో ముప్పావుగంట పెట్టి చూడండి, అంచుల దగ్గర నీళ్లు వదిలేస్తుంది, రబ్బరులా సాగుతుంది, పైన ఆకుపచ్చ బూడిద రంగు తిరుగుతుంది. పచ్చసొనలో ఇనుము, తెల్లసొనలో గంధకం కలిస్తే వచ్చే రంగు అది, తింటే ప్రమాదం లేదు గానీ పెళ్లిలో ఎవరు ముట్టుకుంటారు? "అయితే లైవ్ ఆమ్లెట్ కౌంటర్ పెట్టండి" అంటారు అందరూ. లెక్క వేయండి. ఒక్కో ఆమ్లెట్‌కి మూడు నిమిషాలు, రెండు పొయ్యిలు, అంటే గంటకి 40. మీ 120 మందికి తలా ఒకటి ఇవ్వడానికే మూడు గంటలు, మీ బ్రంచేమో రెండున్నర గంటలు! చివర ఉన్నవాళ్లకి ఖాళీ ప్లేటే. నాలుగు పొయ్యిలు, ఇద్దరు వంటవాళ్లు ఉంటేనే ఆ కౌంటర్ ఒప్పుకోండి, లేదా ఓవెన్‌లో పెద్ద ట్రేలో కాల్చి ముక్కలు కోసి ఇచ్చే రకం పెట్టించండి.

ఆరుబయటైతే ఇంకో మాట. వేడిది 60 డిగ్రీల పైన, చల్లనిది 5 డిగ్రీల లోపు ఉండాలి. ఆ మధ్యలో రెండు గంటలకు మించి వదలకూడదు, ఎండ 32 డిగ్రీలు దాటిందా, గంటే. క్రీము, కోసిన పండ్లు చిన్న గిన్నెల్లో తెచ్చి మారుస్తుండాలి. పెద్ద పళ్లెం నిండుగా పేర్చితే ఫొటోకి బాగుంటుంది, అరగంట తర్వాత నేనైతే తినను.

నిద్రమత్తు:
చూశారా, కేటరింగ్ ఆయనే భయపెడుతున్నారు.

వంటింటి_వెనుక:
భయపెట్టడం కాదండీ. రాత్రి మెనూనే పొద్దున పెడదామని చూస్తే చెడుతుంది అంటున్నా, అంతే.

రెండోకప్పు:
కాఫీ గురించి ఎవరూ మాట్లాడరేంటి? నేను వెళ్లిన ఒక పెళ్లిలో మెషీన్ ఒకటే ఉంది, ఒక్కో కప్పు గుర్రుగుర్రుమంటూ దిగుతోంది, లైను గుమ్మం దాటింది, పెళ్లికొడుకు తాతగారు కూడా అందులోనే నిలబడ్డారు! పొద్దున్నే ఏమీ తినకుండా వచ్చిన మనిషికి కాఫీ పడకపోతే మీ పూల అలంకరణ కళ్లకి కూడా కనపడదు. ముందే కాచి పెద్ద అర్న్‌లలో (కుళాయి ఉండే వేడి పాత్రల్లో) పెట్టించండి, వంద కప్పుల అర్న్ వేడెక్కడానికే గంటో ఆపైనో పడుతుంది, అది గుర్తుంచుకోండి. అదీ పెళ్లి ముందే, తొమ్మిదిన్నర నుంచే ఇవ్వాలి, ఏదో ఒక చిరుతిండితో. షుగరున్న పెద్దవాళ్లని పదకొండున్నర దాకా ఖాళీ కడుపుతో కూర్చోబెట్టడం అన్యాయం.

ఆలస్యం_అమృతం:
నేను బ్రంచ్ రిసెప్షన్ చేసుకున్నదాన్ని, రెండేళ్లయింది. మళ్లీ చేసుకోమన్నా ఇలాగే చేసుకుంటా (ఆయన్నే, కంగారు పడకండి). చిన్నపిల్లలు ఏడవలేదు, పెద్దవాళ్లు నిద్ర కోసం తొందరపడలేదు, ప్రతి టేబుల్ దగ్గర కూర్చుని మాట్లాడాను. సాయంత్రం నాలుగింటికి మేమిద్దరం ఇంట్లో చెప్పులు విప్పేసి కూర్చున్నాం, ఆ సుఖం వేరు.

కానీ రెండు చోట్ల చావుదెబ్బ తిన్నాం. మొదటిది హాలు. ముందురోజు రాత్రి అక్కడ వేరేవాళ్ల ఫంక్షన్ ఉంది, ఒంటిగంటకి గానీ ఖాళీ కాలేదు. మా డెకరేషన్ వాళ్లు ఒకటిన్నరకి మొదలుపెట్టి తెల్లారేదాకా చేశారు, నేను మేకప్ కుర్చీలోంచే ఫోన్‌లో వాళ్లని బతిమాలుతూ కూర్చున్నా. బుక్ చేసేటప్పుడు "ముందురోజు రాత్రి ఎవరున్నారు, ఎన్నింటికి తాళం చేతికిస్తారు" అని రాయించుకోండి. నోటిమాట వద్దు.

రెండోది మేకప్. నాకు గంటన్నర, అమ్మ, అక్క, ఇద్దరు స్నేహితురాళ్లు, తలా ముప్పావుగంట. మొత్తం నాలుగున్నర గంటలు. తొమ్మిదికి రెడీ అవ్వాలంటే ఒక్క మనిషితో నాలుగున్నరకే కూర్చోవాలి. ఇద్దరుంటే పావుతక్కువ ఏడుకి సరిపోయేది, నాకా తెలివి లేకపోయింది. ఫొటోల్లో నా కళ్లు చూస్తే తెలుస్తుంది. ఫొటోలంటే గుర్తొచ్చింది, పన్నెండు ఒంటిగంట మధ్య ఎండ నడినెత్తిన ఉంటుంది, కళ్ల కింద నల్లటి నీడలు పడతాయి. జంట ఫొటోలు పొద్దున్నే తీయించేసుకోండి, లేదంటే చెట్టు నీడ వెతుక్కోండి.

నిద్రమత్తు:
సరే, స్థానికంగా ఉన్నవాళ్లకైతే ఒప్పుకుంటా. కానీ ఊళ్లు దాటి వచ్చేవాళ్ల సంగతేంటి? వాళ్లు ముందురోజే రావాలి, లాడ్జింగ్ పెట్టుకోవాలి. పోనీ రెండింటికి అయిపోయాక ఎక్కడికి పోతారు, తెలియని ఊళ్లో పెళ్లి బట్టలతో? డబ్బు మిగిలేది మీకు, ఖర్చయ్యేది వాళ్లకి. దీనికి ఇక్కడ ఎవరూ జవాబు చెప్పలేదు.

పాతపుస్తకం:
రాత్రి పెళ్లి అయితే మాత్రం ఆ రాత్రి రూము అక్కర్లేదా? ఒక రాత్రికి ఒక రాత్రి.

నిద్రమత్తు:
రాత్రి పార్టీకి మధ్యాహ్నం బండెక్కినా అందుకుంటాం కదా. సెలవు ఒక రోజు మిగులుతుంది.

ఆలస్యం_అమృతం:
ఈ మాట మాత్రం ఒప్పుకోవాల్సిందే. మా వాళ్లలో దూరంనుంచి వచ్చినవాళ్లు పదిమందే. సాయంత్రం వాళ్లని ఇంటికి పిలిచి, ఉన్నదేదో వేడిచేసి పెట్టాం. యాభైమంది అయ్యుంటే మా వల్ల అయ్యేది కాదు.

తొలికోడి:
అందరికీ థాంక్స్. రాత్రి కూర్చుని పిలుపుల లిస్టు చూశాం, 120లో దూరంనుంచి వచ్చేవాళ్లు 34 మంది. ఇదే నన్ను తొలిచేస్తోంది. పెళ్లిని పదకొండుకి జరిపి, పన్నెండు నుంచి రెండున్నర దాకా బ్రంచ్ అనుకుంటున్నాం, నిద్రమత్తు గారికి గంట నిద్ర కలిసొస్తుంది. పన్నెండు తర్వాతది బ్రంచ్ కాదు, అచ్చంగా లంచే అని అమ్మ అంటోంది, తన వాదనకి బలం దొరికిందని మొహం వెలిగిపోతోంది కూడా. కాఫీ మాత్రం పదింటి నుంచే. ఆమ్లెట్ కౌంటర్ కొట్టేశాం. హాలు వాళ్లకి ఫోన్ చేస్తే ముందురోజు రాత్రి బుకింగ్ ఉందో లేదో "చూసి చెప్తాం" అన్నారు, అది రాతలో వచ్చేదాకా అడ్వాన్స్ ఇవ్వట్లేదు. ఆ 34 మందిని సాయంత్రం ఏం చేయాలో ఇంకా తేలలేదు, ఐడియాలుంటే రాయండి.

నిద్రమత్తు:
పదకొండయితే వస్తా. పిల్లల్ని మాత్రం మీరే లేపాలి.