సీ12ఎఫ్‌డీజీ వేస్తే మందు ఇవ్వని సెల్స్ కూడా వెలుగుతున్నాయి, ఎందుకు?

ప్రశ్న: పొద్దున్నుంచి మైక్రోస్కోప్ ముందే ఉన్నాను, తల పగిలిపోతోంది. ఫైబ్రోబ్లాస్ట్‌లలో సెనెసెన్స్ (సెల్స్ ముసలివై విభజన ఆపేయడం) చూద్దామని, బీటా గెలాక్టోసిడేజ్ ఎంజైమ్ కోస్తే వెలిగే ప్రోబ్ సీ12ఎఫ్‌డీజీ వేశాను. మందు ఇచ్చిన సెల్స్ ఆకుపచ్చగా వెలుగుతున్నాయి, కానీ కంట్రోల్ కూడా దాదాపు అంతే వెలుగుతోంది! డోసు తగ్గించాను, ఎక్కువసార్లు కడిగాను, ఏమీ మారలేదు. రేపే ల్యాబ్ మీటింగ్, ఒకటే టెన్షన్. ప్రోబ్ పాడైందంటారా?

మొదటి సభ్యుడు: బాఫిలోమైసిన్ వేశారా?

రెండో సభ్యుడు: అసలు ఒక్క ఫొటో తీసి ఎంజైమ్ యాక్టివిటీ కొలిచామనడం సరికాదు. ప్రోబ్ ఎంత లోపలికి వెళ్లింది, ఎంజైమ్ దాన్ని ఎంత కోసింది, కోయగా వచ్చిన ఫ్లోరెసీన్ ఎంత లోపల నిలిచింది, ఈ మూడూ కలిస్తేనే ఆ వెలుగు. మామూలు ఎఫ్‌డీజీతో అయితే ఫ్లోరెసీన్ బయటికి కారిపోతుంది, ఆ 12 కార్బన్ల తోక పెట్టింది అందుకే. యాక్టివిటీ అంటే రేటు. వరుసగా రీడింగులు తీసి, మొదట్లో సమంగా పెరిగే భాగం చూడండి. లేదంటే సెల్స్‌ను పగలగొట్టి లైసేట్ చేసి, ఎంజైమ్ కోస్తే 4-ఎంయూ అనే వెలిగే పదార్థాన్ని వదిలే 4-ఎంయూ గెలాక్టోసైడ్‌తో చేయండి. చివర్లో పీహెచ్ 10 దాటిన గ్లైసిన్ బఫర్ పోయడం మాత్రం మరవకండి, 4-ఎంయూ ఆమ్లంలో సరిగ్గా వెలగదు.

ప్రశ్న అడిగినవారు: లైసేట్ వద్దండీ, బతికున్న సెల్స్‌లోనే కావాలి. బాఫిలోమైసిన్ వేయలేదు, మా ప్రోటోకాల్‌లో లేదు. ఎందుకది?

మొదటి సభ్యుడు: ఈ ఎంజైమ్ ఉండే లైసోజోమ్ (సెల్ లోపలి జీర్ణ సంచి) పీహెచ్ 4.5 దగ్గర ఉంటుంది. అక్కడ ఈ ఎంజైమ్ ఏ సెల్‌లోనైనా బాగా పని చేస్తుంది. బాఫిలోమైసిన్‌తో దాన్ని పీహెచ్ 6కి పెంచితే మందగిస్తుంది, ఎంజైమ్ బాగా ఎక్కువున్న సెల్సే కనిపిస్తాయి. 100 నానోమోలార్, ఒక గంట. తర్వాత ప్రోబ్ 33 మైక్రోమోలార్.

మూడో సభ్యురాలు: కంట్రోల్ ప్లేట్ నిండిపోయిందా? సెల్స్ కిక్కిరిసినా బీటా గెలాక్టోసిడేజ్ పెరుగుతుంది. ఇంతకీ ఏ మందమ్మా?

ప్రశ్న అడిగినవారు: డాక్సోరూబిసిన్. ప్లేట్ నిండింది మేడమ్.

మూడో సభ్యురాలు: అది ముందే చెప్పాలి కదమ్మా! డాక్సోరూబిసిన్ తనంతట తానే వెలుగుతుంది. 480 నానోమీటర్ల దగ్గర కాంతి తీసుకుని 590 దగ్గర ఇస్తుంది. న్యూక్లియస్‌లో డీఎన్‌ఏను పట్టుకుని కూర్చుంటుంది, కడిగినా పూర్తిగా పోదు. మీది లాంగ్ పాస్ ఫిల్టర్ (ఒక తరంగదైర్ఘ్యం దాటిన కాంతినంతా వదిలేది) అయితే అదీ ఇదీ కలిసిపోతాయి. మందు ఇచ్చి ప్రోబ్ వేయని వెల్ ఒకటి లేకుండా ఆ ఫొటోలు ఎవరికీ చూపించకండి.

రెండో సభ్యుడు: దీన్ని సెనెసెన్స్ ప్రోబ్ అనడం కూడా మానాలి. కోసేది మామూలు లైసోజోమ్ ఎంజైమే, జీఎల్‌బీ1. 2006లోనే తేలింది. రోగనిరోధక కణాలైన మాక్రోఫేజ్‌లూ వెలుగుతాయి. సెల్ విభజనను ఆపే ప్రోటీన్లు పీ16, పీ21 చూడకుండా సెనెసెన్స్ అని ఎలా రాస్తారు?

మొదటి సభ్యుడు: 1995 నుంచి అందరూ సెనెసెన్స్ మార్కర్ అనే అంటున్నారు. ఆమె మీటింగ్ రేపు.

రెండో సభ్యుడు: అందరూ అంటే సరైపోతుందా? రివ్యూయర్ అడిగేది సరిగ్గా ఇదే.

ప్రశ్న అడిగినవారు: ఫిల్టర్ లాంగ్ పాసే. బాఫిలోమైసిన్ పక్క ల్యాబ్‌లో ఉందట, తెచ్చుకుంటున్నాను. ప్రోబ్ లేని వెల్స్ ఈ రాత్రికే చూస్తాను. థాంక్స్ అండీ.

రెండో సభ్యుడు: పీ21 సంగతి?