అప్‌డేట్: నేలపట్టు, పులికాట్ పక్షుల గురించి నేను అడిగిన ప్రశ్న

పక్షులను చూడటానికి నేలపట్టు పక్షుల అభయారణ్యానికీ పులికాట్ సరస్సుకూ ఏ నెలలో వెళ్లాలని నేను అడిగినప్పుడు, ఈశాన్య రుతుపవనాల వానలకు చెరువు నిండిన తర్వాతే బయలుదేరమని మీలో చాలామంది చెప్పారు. ఆ ప్రకారమే జనవరిలో అమ్మను తీసుకొని వెళ్లాను. నేలపట్టు చెరువులో సగం మునిగిన నీటి కడప చెట్ల మీద గూడబాతులు (పెలికాన్లు) గూళ్లు కట్టుకొని, తమ గొంతు సంచిలోకి తల దూర్చే పిల్లలకు చేపలు అందిస్తుంటే, మేము రెండు గంటలు అక్కడి నుంచి కదలలేకపోయాము. నత్తగుల్ల కొంగలూ కనిపించాయి. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు సరస్సు మధ్యగా సాగే రోడ్డు పక్కన, లోతు లేని నీటిలో ఫ్లెమింగోలు ముక్కులు తలకిందులుగా ముంచి మేత వడకట్టుకుంటున్నాయి. మే నెలలో మళ్లీ వెళితే అక్కడ ఎండి పగిలిన ఉప్పు నేల మాత్రమే ఉంది. వేసవిలోనూ ఒకసారి చూడమన్నవారికి ప్రత్యేకంగా కృతజ్ఞతలు. ఈసారి అక్టోబరు వానలతోనే బయలుదేరుతాము.