యానాంను కాలినడకన చూడాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: తణుకు పాఠకురాలు

సభ్యులందరికీ నమస్కారం. డిసెంబరు రెండో వారంలో మా అమ్మగారిని, ఇంటర్మీడియట్ చదువుతున్న మా అమ్మాయిని వెంటబెట్టుకుని యానాం వెళ్లాలని అనుకుంటున్నాను. అమలాపురం మీదుగా కాకినాడ వెళ్లినప్పుడల్లా ఎదుర్లంక వంతెన దాటి ఆ ఊరి గుండా బస్సులో పోవడమే తప్ప, అక్కడ దిగి నడిచింది లేదు. బంధువులను అడిగితే టవరు ఎక్కి దిగితే ఊరు చూసినట్టేనని ఒకరు, మందు దుకాణాలు తప్ప అక్కడ ఏమున్నదని మరొకరు అన్నారు. మధ్యలో కొన్ని తెంపులున్నా, 1723లో మొదలై 1954 దాకా ఫ్రెంచివారి చేతిలో ఉన్న ఊరిలో చూడదగినది అంతే ఉంటుందంటే నాకు నమ్మబుద్ధి కావడం లేదు.

ఊరిని వాహనంలో కూర్చుని కాకుండా నడిచి చూడాలన్నది మా కోరిక. అమ్మగారు మధ్యమధ్య కూర్చుంటూ మూడు కిలోమీటర్ల దాకా హాయిగా నడవగలరు. అమ్మాయికి చరిత్ర ఇష్టం. ఎక్కడ మొదలుపెట్టి ఏ వరుసలో చూస్తే ఊరు అర్థమవుతుందో, ఒక్క రోజు చాలుతుందో లేదో తెలిసినవారు చెప్పవలసిందిగా కోరుతున్నాను.

జవాబు: నీలపల్లి నడక

అమ్మా, మాది యానాం సరిహద్దు పక్క ఊరే కనుక, ఈ ఊరిని చూపించే పద్ధతి గురించి నాకు కొంత గట్టి అభిప్రాయం ఉన్నది. టవరుతో మొదలుపెట్టకండి. వంద మీటర్ల ఎత్తున్న ఆ కట్టడం ఈ మధ్య కాలంలో వచ్చినది. మీరు చూడాలనుకుంటున్న ఊరు ఎందుకు పుట్టిందో అది చెప్పలేదు. దాన్ని సాయంత్రానికి ఉంచుకుని, పొద్దున్నే గోదావరి రేవుకు వెళ్లండి.

రేవులో నిలబడితే గౌతమి పాయ ఎంత వెడల్పో తెలుస్తుంది. కోరంగి నది అని, ఆత్రేయ అని పిలిచే చిన్న పాయ ఈ ప్రాంతంలోనే గౌతమి నుంచి విడిపోతుంది. సముద్రం ఇంకా కొన్ని కిలోమీటర్ల దూరాన ఉన్నా పోటు నీరు ఇక్కడిదాకా వస్తుంది కనుక, నీటి మట్టం ఉదయానికీ మధ్యాహ్నానికీ మారడం మీరే గమనించవచ్చు. అప్పట్లో లోతట్టు పల్లెల్లో మగ్గాలమీద నేసిన బట్టను పడవల్లో ఇటు దింపి, పోటుపాట్లు చూసుకుని సముద్రంలో లంగరు వేసిన ఓడలకు చేర్చేవారు. ఫ్రెంచివారిని ఇక్కడికి రప్పించినది ఆ బట్టల వ్యాపారమే. 1723లో వచ్చి, 1727లో వదిలిపెట్టి, 1731లో మళ్లీ వచ్చారు. వారు మాత్రమే కాదు, మా నీలపల్లిలోనూ, పక్కనే ఉన్న ఇంజరంలోనూ ఇంగ్లీషు కంపెనీ వారు అదే బట్ట కోసం స్థావరాలు పెట్టారు. ఇరుగుపొరుగు ఊళ్లలో రెండు దేశాల కంపెనీలు ఒకే నేతగాళ్ల కోసం పోటీ పడిన చోటు ఇది. ఈ సంగతి మనసులో పెట్టుకుంటే ఆ తరువాత కనబడేదంతా తేలికగా అర్థమవుతుంది.

రేవు నుంచి ఒడ్డు వెంబడి ఏనుగులు శివలింగం మీద నీళ్లు పోస్తున్నట్టు కట్టిన చోటు దాకా నడవండి. అది కొత్తదే అయినా కూర్చోవడానికి వీలుంటుంది, మీ అమ్మగారికి అక్కడ విశ్రాంతి దొరుకుతుంది. అక్కడ నుంచి ఊరి లోపలికి తిరిగి సెయింట్ ఆన్ చర్చికి వెళ్లండి. దీన్ని 1846లో కట్టారు. 1839 నవంబరులో వచ్చిన పెనుతుపాను కోరంగి రేవును ముంచెత్తి, ఈ తీరాన్నంతా అతలాకుతలం చేసిన ఏడేళ్లకు ఈ గోడలు లేచాయన్న మాట. ప్రార్థన జరుగుతున్న సమయంలో లోపలికి వెళ్లకుండా కాసేపు ఆగి, చెప్పులు, ఫోటోల విషయంలో అక్కడివారిని అడిగి నడుచుకోవడం మర్యాద. తరువాత మీసాల వెంకన్నగా పేరుపడిన వేంకటేశ్వరస్వామి ఆలయం చూడండి. మధ్యాహ్నం తలుపులు మూసేస్తారు కాబట్టి పదకొండు లోపల చేరడం మంచిది.

ఇక కోట ఏది అని మీ అమ్మాయి తప్పక అడుగుతుంది. కోట లేదు, ఉండడానికి వీలు కూడా లేకపోయింది. 1814 నాటి పారిస్ ఒప్పందంలో, ఫ్రెంచివారికి తిరిగి ఇచ్చిన భారత స్థావరాలలో కోటలు కట్టకూడదని, శాంతిభద్రతలకు కావలసినంత మంది సిపాయిలను మించి ఉంచకూడదని ఇంగ్లీషువారు షరతు పెట్టారు. అందుకే బురుజుల కోసం, పెద్ద గోడల కోసం వెతికేవారికి యానాం నిరాశ కలిగిస్తుంది. ఇది వర్తకుల ఊరుగా, పరిపాలన కార్యాలయపు ఊరుగా మాత్రమే మిగిలింది. ఆ దృష్టితో చూస్తే ఎత్తరుగుల పాత ఇళ్లు, సంత వీధి, చర్చి, రేవు అన్నీ ఒకదానికొకటి నడిచిపోగలిగినంత దగ్గరగా ఉండడానికి కారణం కనబడుతుంది.

జవాబు: జగన్నాథపురం వంతెన

పై సభ్యుని మాటలను గౌరవిస్తూనే ఒక భిన్నాభిప్రాయం చెబుతాను. పాత రేవు పట్టణాన్ని నడిచి చూడాలన్నదే మీ కోరిక అయితే కాకినాడలోని జగన్నాథపురం యానాం కంటే ఏమాత్రం తీసిపోదు. అది డచ్చివారి స్థావరం, 1824 నాటి ఆంగ్ల-డచ్చి ఒప్పందం తరువాత 1825లో ఇంగ్లీషువారికి దక్కింది. కోరంగి మేటవేసి, తుపాన్లకు దెబ్బతిని వెనకబడిన కొద్దీ ఓడల రాకపోకలు కాకినాడకు మళ్లాయి. సముద్రపు అలలకు అడ్డంగా నిలిచే హోప్ ఐలాండ్ ఇసుక దిబ్బ గత రెండు శతాబ్దాలలో పెరగడం వల్ల కాకినాడ అఖాతానికి సహజమైన రక్షణ కలిగింది. వంతెన మీద నిలబడి, ఉప్పుటేరులో వేటకు వెళ్లివచ్చే పడవలను ఉదయం పూట చూస్తే, ఇక్కడ రేవు జీవితం ఇంకా ఆగలేదని తెలుస్తుంది. యానాంలో రేవు కాలం గడిచిపోయింది. రెండూ చూడగలిగితే మంచిదే, ఒక్కటే వీలయితే నా ఓటు జగన్నాథపురానికి.

జవాబు: పాత పటాలు

రెండింటినీ పోల్చడం కంటే, యానాంలో మాత్రమే చూడగలిగినది ఏమిటో చెబితే ఆ అమ్మగారికి ఉపయోగం. నా దృష్టిలో అది సరిహద్దు. వీలయితే ఊరి నడిబొడ్డు నుంచి కాకినాడ రోడ్డులో సరిహద్దు దాకా నడవండి, లేదా ఆటోలో అక్కడికి వెళ్లి ఊరిలోకి నడిచి రండి. భాష మారదు, పొలం మారదు, కొబ్బరిచెట్టు మారదు. రోడ్డు పక్క బోర్డులో ప్రభుత్వం మారుతుంది, స్థానికుల బండి నంబరు పివై 04తో మొదలవుతుంది, పెట్రోలు ధర మారుతుంది. ఇక్కడివారు ఓటు వేసే శాసనసభ ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న పుదుచ్చేరిలో ఉన్నది. అక్కడి 30 స్థానాలలో యానాంది ఒకటి. వారి హైకోర్టు చెన్నైలో ఉన్నది. ఉత్తరాలు మాత్రం కాకినాడ వైపు ఊళ్లతో కలిసిన 533464 పిన్‌కోడ్‌కు వస్తాయి. మందు దుకాణాలు ఉన్నాయని మీ బంధువులు చెప్పినది అబద్ధం కాదు. అయితే వాటికి కారణం కూడా ఈ గీతే, పన్నుల తేడా ఉన్న చోట వ్యాపారం సరిహద్దును పట్టుకుని పెరుగుతుంది. ఫ్రెంచి కాలంలో ఇక్కడి మంగళవారం సంతకు మద్రాసు ప్రెసిడెన్సీ పల్లెల నుంచి జనం విదేశీ సరుకుల కోసం వచ్చేవారు. సరుకు మారింది గాని కారణం అదే.

ఈ గీత మనుషుల బతుకుల్లోకి ఎంత లోతుగా వెళ్లిందో చెప్పే మరొక విషయం ఉన్నది, అది మీ అమ్మాయి వయసువారు తెలుసుకోవలసినది. 1929లో వచ్చిన శారదా చట్టం 1930 ఏప్రిల్ నుంచి బ్రిటిషు ఇండియాలో బాల్యవివాహాలను నిషేధించింది. పద్నాలుగేళ్లు నిండని ఆడపిల్లకు పెళ్లి చేస్తే నేరమయింది. ఫ్రెంచి గడ్డమీద ఆ చట్టం చెల్లదు. అందువల్ల చుట్టుపక్కల జిల్లాల వారు పిల్లలను యానాం తీసుకువచ్చి పెళ్లిళ్లు చేసుకుపోయేవారు. ఊరికి కళ్యాణపురం అన్న పేరు అలా వచ్చింది. చాలామంది ఆ పేరును ముచ్చటగా చెప్పుకుంటారు. అందులో ముచ్చటపడవలసినది నాకు కనబడదు. సంస్కరణ కోసం ఎందరో పోరాడి తెచ్చుకున్న రక్షణ, రోడ్డుమీది ఒక గీత దగ్గర ఆగిపోయింది. సరిహద్దు దగ్గర నిలబడి ఈ మాట పిల్లకు చెబితే, పాఠ్యపుస్తకంలోని చట్టం ఎలా పనిచేస్తుందో, ఎక్కడ పనిచేయదో ఒక్కసారిగా తెలిసివస్తుంది.

1954 సంగతి కూడా ఊరి మధ్యలో నడుస్తూ చెప్పుకోవలసినదే. ఆ ఏడు జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య నాయకత్వంలో విలీనవాదులు యానాంను స్వాధీనం చేసుకున్నారు. నవంబరు 1న ఫ్రెంచి స్థావరాల పాలన వాస్తవంగా భారతదేశానికి బదిలీ అయింది. 1956 మేలో ఒప్పందం మీద సంతకాలు జరిగినా, ఫ్రెంచి పార్లమెంటు ఆమోదం రావడానికి, చట్టరీత్యా బదిలీ పూర్తి కావడానికి 1962 ఆగస్టు 16 దాకా పట్టింది. అంటే ఎనిమిదేళ్లపాటు ఇక్కడివారు భారత ప్రభుత్వ పాలనలో ఉంటూనే, కాగితం మీద మరో దేశపు భూభాగంలో బతికారు. ఒప్పందం ప్రకారం కోరుకున్నవారు ఫ్రెంచి పౌరసత్వం నిలుపుకోవడానికి కూడా వీలు కల్పించారు.

ప్రశ్నించినవారు: తణుకు పాఠకురాలు

అందరికీ ధన్యవాదాలు. కళ్యాణపురం గురించి మా అమ్మగారు చిన్నప్పుడు విన్నారట, కానీ దాని వెనుక చట్టం సంగతి ఆవిడకు కూడా తెలియదు. ఇప్పుడు నడక వరుస స్పష్టమయింది. రేవు, ఒడ్డు, చర్చి, గుడి పొద్దున్నే ముగించుకుంటాము. ఒక సందేహం మిగిలింది. మధ్యాహ్నం ఎండలో అమ్మగారిని నడిపించలేను కనుక, ఆ సమయంలో కోరంగి మడ అడవులు చూసి సాయంత్రానికి తిరిగి రావడం మంచిదా, యానాంలోనే ఉండిపోవడం మంచిదా?

జవాబు: తాళ్లరేవు నుంచి

అమ్మగారూ, డిసెంబరులో ఎండ అంత బాధించదు గాని, మడ అడవి సంగతి వేరు. అక్కడ చెక్క వంతెన మీద కూడా నడకే కాబట్టి పొద్దున యానాంలో నడిచిన మీ అమ్మగారికి అదే పూట రెండో నడక బరువవుతుంది. నేనయితే మధ్యాహ్నం భోజనం చేసి యానాంలోనే విశ్రాంతి తీసుకుని, సాయంత్రం టవరు, ఒడ్డు చూసుకుని, రాత్రికి కాకినాడలో ఉండి, మర్నాడు ఉదయం కోరంగి చూడమంటాను. కాకినాడలో ఉంటారు కాబట్టి జగన్నాథపురం వంతెన కూడా దారిలోనే తగులుతుంది, ఇద్దరు సభ్యుల మాటా నెగ్గుతుంది.

కోరంగి అభయారణ్యం విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లు, 1978లో ప్రకటించారు. యానాంలో చదివిన చరిత్రకు అది కొనసాగింపే. ఒకప్పుడు ఓడలు కట్టి, బాగుచేసి, బర్మాకు మనుషులను పంపిన కోరంగి రేవు 1839 తుపానుతో దెబ్బతిని మళ్లీ పాత స్థితికి రాలేదు. ఆ తీరాన ఇప్పుడు నిలబడి ఉన్నది మడ, తెల్లమడ, తిల్ల చెట్లు. బురదలోంచి పైకి పొడుచుకువచ్చే ఊపిరి వేళ్లను పాటు సమయంలో, అంటే నీరు తీసినప్పుడు చూడాలి, పోటులో అవి మునిగిపోతాయి. 1996 నవంబరు 6 తుపానును చూసిన మా ఊళ్లవారికి ఈ చెట్ల విలువ ఎవరూ చెప్పనక్కరలేదు. అలల ఉద్ధృతిని మొదట తట్టుకునేవి ఇవే. దారిలో వచ్చే చొల్లంగి కూడా ఊరికే దాటిపోవలసిన ఊరు కాదు. సప్తసాగర యాత్రలో మొదటి స్నానం తుల్యభాగ కలిసే చొల్లంగిలో, రెండోది ఆత్రేయ కలిసే కోరంగిలో చేస్తారు. పుష్య బహుళ అమావాస్యనాడు చొల్లంగిలో జనసందోహం ఉంటుంది. మీరు వచ్చేది అంతకు ముందే కనుక ఆ రద్దీ ఉండదు.

జవాబు: ఎదుర్లంక రేవు

మీరు అమలాపురం వైపు నుంచి వస్తున్నారు కనుక ఒక్క మాట చేరుస్తాను. యానాం, ఎదుర్లంకల మధ్య బాలయోగి వంతెన వచ్చినది 2002లో. అంతకు ముందు పంటు మీద, పడవ మీద దాటేవాళ్లం, ఊరిలోకి అడుగు పెట్టడమంటే రేవులో కాలు మోపడమే. అందుకే రేవుతో మొదలుపెట్టమన్న సలహాను నేను గట్టిగా సమర్థిస్తున్నాను. వంతెన మీద నడవాలని మాత్రం అనుకోకండి, లారీలు వేగంగా పోతుంటాయి, పెద్దవారితో అది క్షేమం కాదు.

పులస కోసం ఎవరైనా ఊరిస్తే నమ్మకండి. అది వరద నీటికి ఎదురీదుతూ సముద్రం నుంచి వచ్చే చేప, దాని కాలం ఆషాఢ శ్రావణాలు. డిసెంబరులో ఆ పేరుతో పెట్టేది వేరే చేప అయి ఉంటుంది. సంత చూడాలనుంటే మంగళవారం కలిసేటట్టు రండి, నెమ్మదిగా తిరగాలంటే మాత్రం ఆదివారం, మంగళవారం తప్పించి మరో రోజు పెట్టుకోండి. నవంబరు ఆఖరు నుంచి డిసెంబరు మొదటి భాగం దాకా బంగాళాఖాతంలో వాయుగుండాలు పట్టే అవకాశం ఉంటుంది కాబట్టి, బయలుదేరే ముందు రెండు రోజులు వాతావరణ శాఖ హెచ్చరికలు చూసుకుని ప్రయాణం ఖాయం చేసుకోండి.